‘యాదికి లేదు’ అన్న మాటను కేస్ షీట్‌లో ఎలా రాస్తున్నారు?

హైదరాబాద్‌లోని మానసిక వైద్యులకు, సైకాలజిస్టులకు, కౌన్సెలర్లకు ఒక బహిరంగ లేఖ

నమస్కారం.

మీ ఓపీ గదుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. "చివరిసారి మీరు సంతోషంగా ఉన్నదెప్పుడు? ఒక ఉదాహరణ చెప్పండి." డిప్రెషన్‌తో వచ్చిన మనిషి దానికి సూటిగా జవాబు చెప్పలేకపోతే ఆ తర్వాత ఏమవుతుందో మీకు తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను. మా తమ్ముడి విషయంలో కేస్ షీట్‌లో ఒక వాక్యం పడింది. వివరాలు చెప్పడం లేదు, ప్రశ్నలు దాటవేస్తున్నాడు, సహకారం తక్కువ అని దాని సారాంశం. ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు ఇక్కడ అనవసరం. ఆయన ఓపికగానే మాట్లాడారు, ఆయన రాసిన మందు పనిచేసింది కూడా. నా పేచీ అంతా ఆ ఒక్క వాక్యంతోనే. జబ్బు లక్షణాన్ని అది మనిషి నడవడికగా రాసింది.

నేను డాక్టర్ని కాను. ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. పరిశోధన పత్రాలు వెతికిపెట్టడం నా ఉద్యోగంలో భాగం. ఆ వాక్యం చదివాక అనుమానం వచ్చి వెతికితే, డిప్రెషన్‌లో అడిగినప్పుడు ఒక్క సంఘటన కూడా గుర్తుకు రాకపోవడం మీద నలభై ఏళ్లుగా పరిశోధన సాగుతోందని తెలిసింది. మీలో చాలామంది పీజీలోనే చదివి ఉంటారు. చదివింది ఓపీ టేబుల్ దాకా ఎందుకు రావడం లేదో నాకు అర్థం కాలేదు.

ఆ రోజు గదిలో నడిచిన మాటలు ఇవి. "ఈ మధ్య బాధ కలిగించిన సంఘటన ఒకటి చెప్పండి" అన్నారు డాక్టరు గారు. "ఆఫీసుల అంతా గిట్లనే ఉంటది సార్" అన్నాడు తమ్ముడు. "అది కాదు, ఒక్క సంఘటన చాలు." "ఏమని చెప్పాలె సార్, రోజూ అదే." "పోనీ, సంతోషంగా ఉన్న రోజు?" వాడు చాలాసేపు టేబుల్ కేసి చూసి, "చిన్నప్పుడు మంచిగుండె సార్" అన్నాడు. చిన్నప్పుడంటే ఎప్పుడు, ఏం జరిగింది అని అడిగితే "యాదికి లేదు సార్" అన్నాడు. పక్కనే ఉన్న అమ్మ ఆగలేకపోయింది. "వీనికి అన్నీ యాదుంటయి సార్. మొన్న రాత్రి పదిహేనేండ్ల కింది ముచ్చట పూసగుచ్చినట్టు చెప్పిండు" అంది. డాక్టరు గారు తలూపి రాసుకున్నారు.

ఇంట్లోవాళ్లు అన్నీ గుర్తున్నాయంటున్నారు, పేషెంటు ఏమీ గుర్తులేదంటున్నాడు. ఎవరు చూసినా వీడు దాస్తున్నాడనే అనుకుంటారు. కానీ ఆ రెండు మాటలూ నిజాలే, రెండూ ఒకే జబ్బులో భాగాలే.

అమ్మ చెప్పిన ముచ్చట ఏమిటంటే, ఆ రాత్రి టీవీలో ఇంటర్ ఫలితాల గురించి స్క్రోలింగ్ పోతోంది. అన్నం తింటున్న వాడు చెయ్యి ఆపేశాడు. తన ఇంటర్ ఫలితాల రోజు నారాయణగూడలో నెట్ సెంటర్ ముందు క్యూ, లోపల పాడైపోయిన ఫ్యాను, స్క్రీన్ మీద నంబరు కనపడకపోవడం, నాన్న పది రూపాయలిచ్చి బయటికొచ్చి ఇంటిదాకా ఒక్క మాటైనా మాట్లాడకుండా నడవడం, అన్నీ చెప్పాడు. నాన్న వేసుకున్న చొక్కా గళ్ల చొక్కా అని కూడా చెప్పాడు. ఎవరూ అడగలేదు. వాడూ వెతకలేదు. అదే వచ్చింది. డాక్టరు గారు అడిగినప్పుడు మాత్రం, అదే నాన్నతో గడిపిన ఒక్క మంచి రోజు కూడా వాడికి దొరకలేదు.

మనసులోకి పాత సంగతులు రెండు దారుల్లో వస్తాయి. కావాలని వెతికి తెచ్చుకునేవి కొన్ని, పిలవకుండా వచ్చేవి కొన్ని. ఈ తేడాను జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే చెప్పాడు. తర్వాత వందేళ్ల పాటు ప్రయోగశాలలు ఎక్కువగా మొదటి దారి మీదే పనిచేశాయి. అందుకు కారణం తేలికే. ఒక మాట ఇచ్చి "దీనికి ఏం గుర్తుకొస్తుందో చెప్పు" అనడం సులువు. పిలవకుండా వచ్చేదాన్ని గదిలోకి రప్పించలేం. మీ ఓపీ కూడా అలాగే మొదటి దారి మీదే నడుస్తోందని నాకనిపిస్తుంది.

1986లో మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ అనే ఇద్దరు ఇంగ్లండ్‌లో ఒక పని చేశారు. మాత్రలు ఎక్కువగా మింగి ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రికి వచ్చినవాళ్లకు సంతోషం, కోపం లాంటి మాటలు ఒక్కొక్కటే ఇచ్చి, ప్రతి మాటకూ జీవితంలో జరిగిన ఒక్క సంఘటన చెప్పమన్నారు. ఒక చోట, ఒక పూట జరిగి, ఒక రోజు దాటనిది కావాలి. మిగతావాళ్లతో పోలిస్తే ఈ పేషెంట్లు సంఘటన దాకా రాలేక, ‘ఎప్పుడూ’, ‘ప్రతిసారీ’ దగ్గరే ఆగిపోయారు. మన భాషలో చెప్పాలంటే, కోపం అన్న మాటకు "పోయిన శుక్రవారం సాయంత్రం లిఫ్ట్ దగ్గర మేనేజర్ అందరి ముందూ అన్న మాటకు" అని ఒకరు చెబితే, డిప్రెషన్ ఉన్న మనిషి "మేనేజర్‌తో మాట్లాడిన ప్రతిసారీ" అంటాడు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఇదే పరీక్ష జరిగింది, డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఇదే ధోరణి మళ్లీ మళ్లీ కనిపించింది. చేదు మాటలకే కాదు, మంచి మాటలకూ అంతే.

ఇప్పుడు మా తమ్ముడి జవాబులు మళ్లీ చదవండి. "అంతా గిట్లనే ఉంటది." "రోజూ అదే." "చిన్నప్పుడు మంచిగుండె." ఆ పరీక్షలో నమూనా జవాబులుగా పెట్టొచ్చు వాటిని. డాక్టరు గారికి తెలియకుండానే ఆ పరీక్ష జరిగిపోయింది, ఫలితం కూడా వచ్చింది. రాసేటప్పుడు మాత్రం అది ‘సహకారం తక్కువ’ అయింది.

ఇలా ఎందుకు జరుగుతుందో పరిశోధకులు చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. కావాలని గుర్తుచేసుకునేటప్పుడు మనసు పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతుంది. ముందు ‘డిగ్రీ రోజులు’ అన్న కాలం, తర్వాత ‘క్యాంటీన్‌లో కూర్చునేవాళ్లం’ అన్న అలవాటు, ఆ తర్వాత ఎప్పుడో వాన పడ్డ ఒక మధ్యాహ్నం. మార్టిన్ కాన్వే వంటివారు 2000 సంవత్సరంలో వివరించిన క్రమం ఇదే. డిప్రెషన్‌లో ఈ దిగడం మధ్యలో ఆగిపోతుంది. అడ్రస్ వెతుక్కుంటూ మెయిన్ రోడ్డు దాకా వచ్చిన ఆటో గల్లీలోకి తిరగకుండా అక్కడే ఆగినట్టు.

ఆగడానికి మూడు కారణాలు కలిసి పనిచేస్తాయని విలియమ్స్, ఆయన సహచరులు 2007లో రాశారు. ఒకటి, ‘ఓటమి’ అన్న మాట వినగానే మనసు సంఘటనను వదిలేసి "నేనింతే, నా బతుకింతే" అన్న పాత చింతలో పడి అక్కడే తిరగడం. రెండోది, వివరాల్లోకి వెళ్తే నొప్పి పుడుతుంది కాబట్టి వెళ్లకపోవడమే అలవాటు కావడం. చిన్నతనంలో దెబ్బ తిన్నవాళ్లు ఈ అలవాటును ఎప్పుడో నేర్చుకుని ఉండొచ్చు, తమకు తెలియకుండానే. మూడోది, వెతుకుతూ వెతుకుతూ అక్కర్లేనివి పక్కన పెట్టి కావాల్సిందాన్ని పట్టుకోవడానికి కొంత మానసిక శక్తి కావాలి, డిప్రెషన్ ముందు లాక్కునేది ఆ శక్తినే. రెండో కారణాన్ని పట్టుకుని "చూశారా, తప్పించుకోవడమే కదా" అనేవారు ఉంటారు. కావాలని అబద్ధం చెప్పడం వేరు. కాలిన చెయ్యి పొయ్యి దగ్గరికి పోకపోతే దాన్ని దాటవేత అనరు.

ఇక పిలవకుండా వచ్చేవాటి సంగతి. డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయంలో డోర్తె బెర్న్‌ట్‌సెన్ 1990లలో మనుషుల చేతికి డైరీలిచ్చి, పిలవకుండా ఏదైనా గుర్తుకొస్తే అక్కడికక్కడే రాయమన్నారు. ఇవి అరుదైన సంగతులేం కావని తేలింది. మామూలు మనుషులకు రోజులో ఎన్నోసార్లు వస్తాయి, చాలావరకు చుట్టూ ఉన్నదేదో తగిలి వస్తాయి, మనసు ఏ పనిలోనూ గట్టిగా లేనప్పుడు వస్తాయి. బస్సు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ ముందు సిగ్నల్‌లో ఆగితే చిన్నప్పుడు నుమాయిష్‌లో తప్పిపోయిన సాయంత్రం వస్తుంది. గల్లీ చివర బోనాల డప్పు మోగితే అమ్మమ్మ వస్తుంది. వెతుకులాట అవసరం లేదు కాబట్టి ఆ మూడు మెట్లూ దిగాల్సిన పని ఉండదు. ఆ వాసనో ఆ పాటో నేరుగా ఆ పూటకే తీసుకుపోతుంది. అందుకే ఇవి వెతికి తెచ్చుకున్నవాటి కంటే చాలాసార్లు స్పష్టంగా, ఒకే సంఘటనకు చెందినవిగా ఉంటాయి.

మా అమ్మ చూసింది ఈ రెండో దారిని. డాక్టరు గారు చూసింది మొదటి దారిని. వాడికి ఆ పూట జ్ఞాపకం ఉంది. అడిగినప్పుడు తెచ్చి ఇచ్చే వీలు లేదు.

అయితే రెండో దారి తెరిచే ఉంది కదా, హాయే కదా అంటే అదీ కాదు. లిన్ వాట్సన్, బెర్న్‌ట్‌సెన్, ఇంకొందరు కలిసి 2012లో ప్రచురించిన పరిశోధనలో డిప్రెషన్ ఉన్నవాళ్లనూ, ఎప్పుడూ లేనివాళ్లనూ పక్కపక్కన పెట్టి రెండు రకాల జ్ఞాపకాలూ చూశారు. డిప్రెషన్ రంగు రెండింటికీ అంటింది. వచ్చిన జ్ఞాపకం "నేనెవరో చెప్పేది ఇదే" అన్నంత బరువుగా అనిపించడం, వచ్చాక దాని చుట్టూ మథనపడటం, లేదా దాన్ని తొక్కిపెట్టాలని చూడటం వాళ్లలో ఎక్కువ. మా ఇంట్లో నేను చూసినదానికి ఇంతకన్నా దగ్గరి వర్ణన ఇంకెక్కడా దొరకలేదు. టీవీ కట్టేశాక కూడా తమ్ముడి మనసులో ఆ నెట్ సెంటర్ ఆగలేదు. రాత్రంతా అందులోనే ఉన్నాడు. పొద్దున్నే "నేను అప్పటిసంది గిట్లనే అక్కా" అన్నాడు. పదిహేనేళ్ల కింది ఒక్క మధ్యాహ్నం మొత్తం జీవితానికి సాక్ష్యంగా నిలబడింది. ఆ తర్వాత వాడు సప్లిమెంటరీ రాసి పాసవడం, డిగ్రీ, మాధాపూర్‌లో ఉద్యోగం, ఇవేవీ సాక్ష్యానికి పిలిచినా రాలేదు.

చెప్పకుండా మీదపడే జ్ఞాపకాలంటే మనకు వెంటనే ప్రమాదాలు, దాడులు, వాటి తర్వాత వచ్చే పీటీఎస్‌డీ అనే మానసిక జబ్బు గుర్తుకొస్తాయి. లండన్‌లో క్రిస్ బ్రూయిన్ తదితరులు 1990లలోనే డిప్రెషన్ పేషెంట్లలోనూ ఇవి మామూలేనని చూపించారు. మా తమ్ముడిని మాత్రం ఏ ఓపీలోనూ ఎవరూ దీని గురించి అడగలేదు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, చనిపోవాలనిపిస్తోందా అని అడిగారు. అవన్నీ అడగాల్సినవే. "ఈ వారం పిలవకుండా ఏదైనా గుర్తుకొచ్చిందా, ఎక్కడున్నప్పుడు వచ్చింది, వచ్చాక మీరేం చేశారు" అన్న ప్రశ్న కూడా వాటి పక్కన పెట్టండి. అడిగితే వాడు చెప్పగలిగేవాడు. వాడి దగ్గర సంఘటనలు ఉన్నది ఆ అరలోనే.

మీ రద్దీ నాకు తెలియనిది కాదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ప్రతి 20 మందిలో ఒకరికి డిప్రెషన్ ఉంది, లేదా ఎప్పుడో ఉండింది. చికిత్స దాకా వచ్చేవారు అందులో కొద్దిమందే. ఆ కొద్దిమందికే మీ బెంచీలు చాలడం లేదు. పొద్దున చీటీ రాయించుకుని నిలబడితే మధ్యాహ్నం లోపు అందరినీ చూసి పంపాలి. ఆ హడావిడిలో ఒక మనిషి జవాబు చెప్పకుండా కూర్చుంటే విసుగు రావడం సహజం. నేను అడుగుతున్నది గంటసేపు కూర్చోమని కాదు, ఉన్న నిమిషాల్లోనే ప్రశ్నలు కొంచెం మార్చమని.

పొద్దున అన్నాను కాబట్టి ఇంకో మాట. 1982లో డేవిడ్ క్లార్క్, జాన్ టీజ్‌డేల్ రోజులో ఒక పూట దిగులు ఎక్కువగా, ఇంకో పూట తక్కువగా ఉండే డిప్రెషన్ పేషెంట్లను రెండు పూటలా పరీక్షించారు. దిగులు ఎక్కువున్న పూట చేదు జ్ఞాపకాలు ముందుకొచ్చాయి, తక్కువున్న పూట అదే మనిషికి మంచివి తేలిగ్గా అందాయి. డిప్రెషన్‌లో చాలామందికి పొద్దుటిపూటే అధ్వానంగా ఉంటుందని మీరే చెబుతారు. మన ఓపీలు నడిచేదేమో పొద్దుటిపూటే. సాయంత్రానికి కాస్త తేరుకుని చెల్లెలితో నవ్విన మనిషి పొద్దున మీ ముందు మొద్దులా కూర్చుంటే, ఆ రెండింటిలో ఏది అసలు, ఏది నటన అని చూడకండి. "సాయంత్రాలు ఎలా ఉంటాయి" అని ఒక్క మాట అడగండి చాలు.

భాష సంగతి కూడా చూడండి. రష్యా నుంచి అమెరికా వెళ్లిన రెండు భాషల మనుషులను వయోరికా మారియన్, ఉల్రిక్ నైసర్ 2000లో పరీక్షించారు. రష్యన్‌లో అడిగితే రష్యన్ మాట్లాడిన రోజుల జ్ఞాపకాలు ఎక్కువ వచ్చాయి, ఇంగ్లిష్‌లో అడిగితే ఇంగ్లిష్ రోజులవి. వాళ్లు పేషెంట్లు కారు, మామూలు విద్యార్థులు. అయినా ఈ నగరానికి ఇది ఎంత పనికొస్తుందో ఆలోచించండి. మాధాపూర్ ఉద్యోగి అనగానే సగం ప్రశ్నలు ఇంగ్లిష్‌లో పడతాయి, వాడూ ఇంగ్లిష్‌లోనే బదులిస్తాడు. వాడి బాల్యం నల్గొండ తెలుగులో గడిచింది. పాతబస్తీ అమ్మాయి బాల్యం దక్కనీ ఉర్దూలో గడిచింది. మీకు ఆ భాష వస్తే ఆ భాషలో అడగండి. రాకపోతే నర్సమ్మనో, సోషల్ వర్కర్‌నో అడగమనండి.

ఒక అలవాటును మాత్రం మానేయమని కోరుతున్నాను. "మంచి రోజులు గుర్తుచేసుకో, అదే తగ్గుతుంది" అని చుట్టాలు అంటారు, వాళ్లకేం తెలుసు అనుకోవచ్చు. కౌన్సెలర్లు కూడా అంటున్నారు. యుట్టా యోర్మన్, ఆమె సహచరులు 2007లో దీన్నే పరీక్షించారు. ఎప్పుడూ డిప్రెషన్ లేనివాళ్లు దిగులుగా ఉన్నప్పుడు సంతోషకరమైన సంగతి తలుచుకుంటే మనసు తేలికపడింది. డిప్రెషన్ నుంచి బయటపడినవాళ్లకు పెద్దగా లాభం లేదు. అప్పుడు డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకైతే మరింత దిగజారింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. "అప్పుడు అలా ఉన్నవాణ్ని, ఇప్పుడు ఇలా అయ్యాను" అన్న పోలిక ఆ తలపు వెంటే వస్తుంది. దొరకని జ్ఞాపకం కోసం వెతికించి, దొరకలేదన్న ఓటమిని ఇంకొకటి చేతిలో పెట్టి పంపడం కంటే ఊరుకోవడం మేలు.

మరి ఎలా అడగాలి? సంగతి వెతకడం పేషెంటు మీద వదిలేయకుండా, తగిలే వస్తువునే ముందు పెడితే సులువవుతుంది. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఫోన్ ఉంది. "మొన్న ఆదివారం ఏం చేశారు" అంటే తమ్ముడు "ఏం లేదు, ఇంట్లనే" అంటాడు. ఫోన్‌లో ఫొటోలు తెరిస్తే ఆదివారం సాయంత్రం చిక్కడపల్లి మార్కెట్‌లో అమ్మతో కలిసి కొన్న మామిడికాయల ఫొటో ఉంటుంది. యూపీఐ చూస్తే పాల ప్యాకెట్టుకు కట్టిన డబ్బు ఉంటుంది, దాంతో పాటు ఆ పూట ఎదురైన స్నేహితుడూ గుర్తుకొస్తాడు. ఇది నేను పరిశోధనలో చదివింది కాదు, ఇంట్లో చూసింది. మీ దగ్గరికి వచ్చే ముందు రోజు రాత్రి వాడూ నేనూ ఆ వారం ఫొటోలు చూసి కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుంటున్నాం. మీరే ఆ కాగితం రాసుకురమ్మని చెబితే ఇంకా బాగుంటుంది. పేషెంట్లు డాక్టరు చెబితేనే రాస్తారు.

మీరు వాడే తొమ్మిది ప్రశ్నల పత్రం, పీహెచ్‌క్యూ-9, గురించీ ఒక మాట. గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా అనిపించింది అని అది అడుగుతుంది. అంటే మొత్తం మీద ఒక అంచనా కావాలి, సంఘటన అక్కర్లేదు. అందుకే మా తమ్ముడు దాన్ని చకచకా నింపేశాడు. ఆ వెంటనే ఉదాహరణ అడిగితే బిగుసుకుపోయాడు. పత్రం అంత తేలిగ్గా నింపినవాడు మాట అడిగితే ఎందుకు చెప్పడు అన్న అనుమానం కూడా అక్కడే పుట్టి ఉంటుంది. ఆ రెండు పనులూ ఒకటి కావు.

మరిచిపోవడమంతా డిప్రెషనే అని నేననడం లేదు. థైరాయిడ్, బీ12 లోపం, నిద్రమాత్రలు, తాగుడు, ఈసీటీ (కరెంటు చికిత్స) తీసుకున్న తర్వాతి రోజులు, పెద్దవయసులో డిమెన్షియా, అన్నీ చూడాల్సింది మీరే. నిజంగా దాచేవాళ్లూ ఉంటారు, పక్కన భర్తో అత్తో కూర్చుంటే ఏ ఆడమనిషి నోరు విప్పుతుంది? అందుకే ‘దాటవేస్తున్నాడు’ అన్న తీర్పు కంటే ‘సంఘటన చెప్పలేకపోయారు, సాధారణంగానే చెబుతున్నారు’ అన్న వర్ణన రాయమంటున్నాను. వర్ణన రాస్తే తర్వాతి డాక్టరు కారణం వెతుకుతారు. తీర్పు రాస్తే వెతకరు.

ఆ తీర్పు ఫైల్లోనే ఉండిపోదు కూడా. తమ్ముడు సెలవు కోసం కాగితాలు ఇచ్చినప్పుడు వాళ్ల ఆఫీసు హెచ్‌ఆర్ ఆ వాక్యం కింద గీత గీసి, "ట్రీట్‌మెంట్‌కే కోఆపరేట్ చేయడం లేదు కదా" అంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 25వ సెక్షన్ పేషెంటుకు తన వైద్య రికార్డు చూసే హక్కు ఇచ్చింది. అంటే మీరు రాసింది ఇంకో డాక్టరే కాదు, పేషెంటు కూడా చదువుతాడు. వాడు చదివాడు. మూడు రోజులు మాట్లాడలేదు.

ఈ సాధారణపు జవాబులను నేను పట్టుకుని వేలాడుతున్నానని అనిపిస్తే, వాటి ఖరీదు ఎంతో చెప్పనివ్వండి. గతంలోని ఒక్క పూటను పట్టుకోలేని మనిషి రేపటి ఒక్క పూటనూ ఊహించలేడు. విలియమ్స్ బృందమే 1996లో ఆత్మహత్య ఆలోచనలున్నవారిలో దీన్ని చూపించింది. సమస్యకు దారి వెతకడమూ వాళ్లకు కష్టమవుతుందని అంతకుముందే తేలింది. పోయినసారి ఇలాంటి ఇబ్బంది వచ్చినప్పుడు ఏం చేశానో గుర్తుంటేనే కదా ఈసారి ఏం చేయాలో తోచేది. "ఇంటికెళ్లాక బాగా అనిపించకపోతే ఏం చేస్తారు" అని మీరు అడిగినప్పుడు "ఏదో ఒకటి చేస్త సార్" అన్న జవాబు వస్తే దాన్ని తలూపి వదిలేయకండి. ఎవరికి ఫోన్ చేస్తావు, నంబరు ఏ పేరుతో ఉంది, ఆ మనిషి రాత్రి పదింటికి ఫోన్ ఎత్తుతాడా అని అడిగి, ఆ పేరు చీటీ మీద రాయించండి. వాడి మనసు దిగలేని మెట్టు మీరు దింపాలి.

దిగడం నేర్పించవచ్చు కూడా. బెల్జియంలోని లూవెన్‌లో ఫిలిప్ రాస్, ఆయన సహచరులు 2009లో దీనికోసమే ఒక శిక్షణ రూపొందించారు. కొందరిని కలిపి కూర్చోబెట్టి, ఒక్కో మాటకు ఒక్కో సంఘటన చెప్పించడం, అది ఏ పూట, ఎవరున్నారు, ఏం వినిపించింది అని వివరాలు పెంచడం, ఇంటికి అదే సాధన ఇచ్చి పంపడం. ఇరాన్‌లో తలదాచుకున్న అఫ్ఘాన్ పిల్లల్లో, యుద్ధంలో తండ్రులను పోగొట్టుకున్నవారికి, ఇదే శిక్షణ వారానికొకసారి చొప్పున ఐదు వారాలు ఇస్తే జ్ఞాపకాలు స్పష్టపడ్డాయి, డిప్రెషన్ తగ్గింది. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. ఆ లాభం ఎంతకాలం నిలుస్తుందన్న దాని మీద పరిశోధకులందరిదీ ఒకే మాట కాదు, మందులకు బదులు ఇదేనని ఎవరూ అనలేదు. కానీ దీనికి మిషన్లు అక్కర్లేదు. ఒక గది, నలుగురు పేషెంట్లు, శిక్షణ పొందిన ఒక సైకాలజిస్టు ఉంటే చాలు. తెలుగు, ఉర్దూ మాటలతో మన నగరంలో ఇలాంటిది ఒకటి మొదలుపెట్టడం మీలో ఎవరికైనా సాధ్యమే.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో మాట్లాడే కౌన్సెలర్లకు ఇది మరీ ముఖ్యం. 2022 అక్టోబరు 10న మొదలైన ఆ లైన్‌కు అర్ధరాత్రి ఫోన్ చేసినవాళ్ల ముఖం కనపడదు, వినపడేది మాటే. "ఏమైంది చెప్పండి" అంటే "ఏం లేదు, అంతా అంతే" అని బదులొస్తే, చెప్పడానికేమీ లేని మనిషి అనుకుని ఫోన్ పెట్టేయకండి. "ఇప్పుడు ఎక్కడ కూర్చున్నారు, చుట్టూ ఏముంది, ఇందాక ఏం గుర్తుకొచ్చింది" అని అడగండి. బస్తీ దవాఖానాల్లో, కాలేజీ కౌన్సెలింగ్ గదుల్లో కూర్చునేవారికి శిక్షణ ఇచ్చే పెద్దలు మీలోనే ఉన్నారు. వచ్చే శిక్షణలో ఈ పాఠానికి ఒక పూట ఇవ్వండి. పత్రాలు కావాలంటే నేను వెతికి, ప్రింట్ తీసి పంపిస్తాను.

ఇట్లు,
ఒక పేషెంటు అక్క,
చిక్కడపల్లి, హైదరాబాద్